కొమ్ములకై చేయు వేట క్షాత్రమా?

మృగయ క్షత్రియధర్మమనియు, కావున ధనము చెల్లించి జింకను వేటాడుట హిందువునకు దూష్యము కాదనియు ఒక వాదము మన యువజనులలో వ్యాపించుచున్నది. ఈ వాదము అసత్యము. శాస్త్రమును చదువక, శాస్త్రము పేరు మాత్రము వాడుకొని, ఒక విలాసమునకు చేయు సమర్థన ఇది.

తార్నాకలో ఒక గీతాపారాయణానంతరము దీనిని నేను స్వయముగా వింటిని. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి అమెరికాలో స్థిరపడిన ఒక యువకుడు టెక్సాస్‌లో తాను చేసిన తెల్లతోక జింక వేటను వర్ణించెను. గైడును కుదుర్చుకొని మూడు దినములు మంచెపై కాచెనట. "ఈ ఏడు సీజన్ చాలా కష్టంగా నడిచిందండీ" అనెను. వానలు లేవు, ఎండ తగ్గలేదు, పెద్ద కొమ్ములుగల మగజింక కనబడుటయే గగనమయ్యెనట. పెద్దల ముఖములు చూచి కాబోలు, "రాముడు వేటాడలేదా?" అని చేర్చెను. ఒకరిద్దరు తలలూపిరి. ఆ యువకుని మాట కంటె ఆ తలలూపుటయే నన్నెక్కువగా కలచివేసినది.

కష్టమైన ఋతువట! ఎవరికి కష్టము? అనావృష్టిలో మేత ఎండిపోవును, పిల్లలు బ్రతుకుట అరుదగును, మగజింకల కొమ్ములు కూడ చిన్నవగును. ప్రాణి ఆకలితో అలమటించు కాలము వేటగానికి "ఫలితము రాని కాలము"గా తోచుట ఎట్టి దృష్టి?

ఈ ట్రోఫీ వేట స్వరూపము తెలియని పాఠకులకై కొంత చెప్పవలెను. జింక కొమ్ము ఆవు కొమ్ము వంటిది కాదు. ఏటేట మొలచి, సంగమకాలము గడచిన పిమ్మట తనంత తానే రాలిపోవును. కొమ్ములే కావలెనన్నచో అడవిలో ఏరుకొనవచ్చును. కాని వారికి కావలసినది కొమ్ము కాదు, "నేను కూల్చితిని" అను అభిమానము. 1887లో థియొడోర్ రూజ్వెల్ట్ ప్రభృతులు స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు కొమ్ములను అంగుళములో ఎనిమిదవ వంతు వరకు కొలిచి అంకెలు వేయును. సామాన్యాకృతి గల తెల్లతోక జింక కొమ్ములకు 170 అంకెలు వచ్చినచో శాశ్వత పట్టికలో చోటు. గీతలో పదునారవ అధ్యాయము ఆసురీసంపద గలవాని మనోగతమును వర్ణించినది: ఇది నాచే హతమైనది, ఇంకను ఇతరములను హతము గావింతును, నేనే భోక్తను, నేనే బలవంతుడను. అది శత్రువులను గూర్చి చెప్పిన మాటయే. కాని పారాయణము ముగిసిన అర్ధగంటకే ఆ స్వరము, ఆ అహంకారము మన మధ్యనే వినబడినవి.

ఇక గైడు మాట. అతడు చెట్లకు కెమెరాలు కట్టి ఏ జింక ఏ వేళకు వచ్చునో ముందే గుర్తించును. టెక్సాస్‌లో యంత్రములతో మొక్కజొన్న గింజలు చల్లి వాటిని అలవాటు చేయుట చట్టసమ్మతమే. కొన్ని క్షేత్రములలో ఎనిమిది అడుగుల కంచెలోపల పెద్ద కొమ్ములకై జింకలను పెంచి మరీ వదలుదురు. (అట్టి కంచె జింకను పైన చెప్పిన క్లబ్బు కూడ అంగీకరింపదు. వారికి గల పాటి సిగ్గు మనవారికి లేకపోవుట చిత్రము.) చేతికి అన్నము పెట్టి మచ్చికచేసి చంపుటను ఏ క్షాత్రమందురు? మనుస్మృతి పంచమాధ్యాయమున ఘాతకులను లెక్కించుచు, చంపినవానిని మాత్రమే కాక అనుమతించినవానిని, కోసినవానిని, అమ్మినవానిని, కొన్నవానిని, వండినవానిని, వడ్డించినవానిని, తిన్నవానిని కూడ ఆ పంక్తిలోనే నిలిపెను. డబ్బు తీసుకొని చూపినవాడును, డబ్బిచ్చి తుపాకి మీట నొక్కినవాడును పాపమును పంచుకొందురే గాని, ఒకరి వలన మరొకరికి అది తగ్గదు.

అన్నిటికన్న ఘోరమైనది కాలనియమము. ఆ దేశమున వేట ఋతువు జింకల సంగమకాలముతో కలసి వచ్చును. శరత్తు ముగియు వేళ మగజింక మదించి, ఆహారమును, భయమును మరచి ఆడజింకల వెంట తిరుగును. గైడు ఆ మైకమునే ఆయుధముగా వాడును. రెండు కొమ్ములను తాటించి ప్రతిద్వంద్వి వచ్చినట్లు భ్రమింపజేయును, ఆడజింక మూత్రగంధమును చల్లును, కూతలను అనుకరించును. మోహితమై వచ్చిన మృగము గుండెలో గుండు దిగును.

మహాభారతమున ఆదిపర్వము చదివినవారికి ఇక్కడ పాండురాజు జ్ఞప్తికి రావలెను. మృగరూపమున భార్యతో సంగమించుచున్న కిందమ మునిని అతడు శరములతో కొట్టెను. ముని నిందింపగా పాండురాజు ఇచ్చిన సమాధానము మన తార్నాక యువకుని సమాధానమే: రాజులు మృగములను చంపుదురు, పూర్వులును చంపిరి, అగస్త్యుడు సైతము మృగములను ప్రోక్షించి చంపెను కదా! కిందముని ప్రత్యుత్తరము సూక్ష్మమైనది. మృగమును చంపితివని నిన్ను నిందించుట లేదు, సంగమము ముగియు వరకు ఆగవలసినది, నీవు ఆగలేదు అనెను. మృగయను రాజునకు విధించిన శాస్త్రమే ఈ ఒక్క వేళను వర్జ్యము చేసినది. ట్రోఫీ వేట సరిగా ఆ వర్జ్యకాలమునే ఎన్నుకొన్నది.

"రాముడు వేటాడలేదా?" వేటాడెను. దానిని దాచనక్కరలేదు. కిష్కింధాకాండలో వాలికి సమాధానము చెప్పుచు రాజుల మృగయను ఆయనయే ఉదాహరించెను. కాని రామాయణము ఎట్లు పుట్టినదో ఈ ప్రశ్న అడుగువారు మరచిరి. కామమోహితమైన క్రౌంచమిథునములో ఒకదానిని నిషాదుడు కొట్టగా, ఆ శోకమే వాల్మీకి నోట శ్లోకమైనది. సంగమవేళ చంపబడిన ఒక పక్షికై పెట్టిన శాపము ఆ కావ్యమునకు మూలము. ఆ కావ్యమునే చూపి అదే పనిని సమర్థింతురా?

కథాగతిని కూడ గమనింపుడు. దశరథుడు శబ్దవేధియై ముని కుమారుని చంపెను, పుత్రశోకమున మరణించెను. మాయామృగము వెంట పోయిన ఫలముగా సీత అపహృత అయ్యెను. పరీక్షిత్తు వేటలో అలసి, శమీకుని మెడలో చచ్చిన పామును వేసెను. మనువు కామజ వ్యసనములు పదింటిలో మృగయను మొదట పేర్కొని, వానిలో కష్టతమములైన నాలుగింట కూడ చేర్చెను. వేట వలన దేహము తేలికపడును, లక్ష్యము చిక్కును అను వాదము కాళిదాసునికి తెలియనిది కాదు. శాకుంతలమున సేనాపతి చేత దానినే చెప్పించెను. దుష్యంతుడు విని, ఆనాటి వేటను మానిపించెను.

ఆ యువకుడు చెప్పిన మరొక యుక్తి బలమైనది, న్యాయముగా దానిని ఎదుర్కొనవలెను. అమెరికాలో 1937 నాటి చట్టము ప్రకారము తుపాకులపై, తూటాలపై వచ్చు పన్ను వన్యప్రాణి రక్షణకు చేరును. గత శతాబ్ది ఆరంభమున కొన్ని లక్షలకు దిగజారిన తెల్లతోక జింకలు నేడు కోట్లలో ఉన్నవి. నిజము. తోడేళ్ళను, కొండసింహములను చాల ప్రాంతములలో నిర్మూలించిన దేశమున జింకల సంఖ్యను అదుపు చేయక తప్పదనుటయు కొంత నిజము. కాని అదుపునకు చంపదగినవి ఆడజింకలు. కొమ్ములు గల ఒక మహామృగమును ఏరి చంపుట వలన సంఖ్య తగ్గదు. పన్ను చెల్లించుట పుణ్యమైనచో ఆ ధనమును తుపాకి లేకుండగనే ఈయవచ్చును. ఆకలికై వేటాడిన నల్లమల చెంచువానిని నేను ఈ పంక్తిలో నిలుపను. మిథిలలో మాంసమమ్మి జీవించిన ధర్మవ్యాధుని వద్ద కౌశికుడు ధర్మమును నేర్చెను. ఆ వ్యాధుడు గోడకు తలలు తగిలించుకొనలేదు.

మన దేశమున 1972 చట్టమునకు 1991లో జరిగిన సవరణతో క్రీడార్థపు వేట పూర్తిగా నిషిద్ధమైనది. తార్నాక చెంతనే ఉన్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చిన్న మాంసఖండము నుండియే అది ఏ మృగముదో నిర్ణయించి న్యాయస్థానమునకు చెప్పగలరు. కాని చట్టము చూపి మనము నిర్దోషులమనుకొనుట కుదరదు. ఇక్కడ నా మాట ఆ యువకునికి కాదు, తలలూపిన పెద్దలకును, ఊపక ఊరకున్న నావంటి వారికిని.

కృష్ణమృగము స్వేచ్ఛగా తిరుగు దేశమే యజ్ఞయోగ్యమని స్మృతులు చెప్పినవి. నిజాముల వేటభూమి 1975లో మహావీర హరిణ వనస్థలియై ఆ కృష్ణమృగమునకు ఆశ్రయమైనది. తార్నాక నుండి ఉప్పల్, ఎల్.బి.నగర్ మీదుగా పోయి చూడుడు, నలువైపుల నగరమే. తెలంగాణ తన రాష్ట్రమృగముగా జింకను ఎన్నుకొన్నది. 2025 మార్చి చివర హైదరాబాదు విశ్వవిద్యాలయము చెంత కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలో యంత్రములు చెట్లను కూల్చగా, విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానము ఆపించెను. అచట తిరుగు జింకలకై ఎన్ని సత్సంగములు ఒక తీర్మానమైన చేసినవి? తుపాకితో ఒకదానిని చంపుట పాపమైనచో, మేతను, నీటిని, నీడను తీసివేసి మందను చంపుట దేని క్రిందికి వచ్చును?

వనపర్వమున ఒక ఘట్టము కలదు, పారాయణములలో దానిని తరచు దాటిపోవుదురు. ద్వైతవనమున నిదురించుచున్న యుధిష్ఠిరునికి స్వప్నమున జింకలు కన్నీళ్ళతో కనబడినవి. నీ తమ్ములు మా కులమును చాల వరకు చంపిరి, బీజమాత్రముగా మిగిలితిమి, మేము మరల వృద్ధి చెందునట్లు వాసము మార్చుమని వేడినవి. ఆ వేట విలాసార్థము కాదు, వనవాసుల ఆహారార్థము. యుధిష్ఠిరుడు అయినను వాదింపలేదు, పూర్వరాజుల పేర్లు చెప్పలేదు. తెల్లవారగనే తమ్ములను పిలిచి, వానిపై దయ చూపవలెనని చెప్పి, అందరితో కామ్యకవనమునకు తరలిపోయెను.