కొల్లేటి సీమలో కారు రంగు: మెరుపును నమ్మిన పొరపాటు

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో కారున్న ప్రతి ఇంటా చర్చకు తావు లేకుండా చలామణీ అవుతున్న అభిప్రాయం ఒకటి ఉంది. కారు మెరుస్తూ ఉంటే దాని రంగు భద్రంగా ఉన్నట్టేనని, రోజూ తెల్లవారగానే పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి వాటర్ సర్వీసింగుకు పంపి, పండక్కో పబ్బానికో పాలిష్ పట్టిస్తే అది పదేళ్లయినా కొత్తదానిలాగే ఉంటుందని ఆ అభిప్రాయం. ఇంటి డ్రైవరు అలవాటులోనూ, సర్వీసింగ్ షెడ్డు బోర్డు మీదా, వేలకు వేలు తీసుకొని కోటింగ్ వేసే దుకాణదారు మాటలోనూ ఉన్నది ఇదే. ఈ నేల మీద, ఈ నీటితో, ఈ గాలిలో ఆచరించినప్పుడు ఈ పద్ధతి కారును నేరుగా పాడుచేస్తుంది. ఎందుకంటే రుద్ది తెచ్చిన మెరుపంతా రంగును కాపాడే పొరను కొంత అరగదీసి తెచ్చినదే.

ఇది అర్థం కావాలంటే రేకు మీద ఉన్నదేమిటో ముందు తెలియాలి. ఇప్పటి కార్లకు రంగు ఒకే పూతగా ఉండదు. తుప్పు పట్టకుండా విద్యుత్తు సాయంతో రేకుకు పట్టించే అడుగుపూత, దాని మీద నునుపు కోసం ప్రైమరు, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన రంగు లేని పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఈ నాలుగు పొరలూ కలిసి సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్ల మందం ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇందులో క్లియర్ కోట్ వాటా 40 మైక్రాన్ల అటూ ఇటూ, అంటే తలవెంట్రుక మందం కన్నా తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలను కింది రంగు దాకా పోనివ్వకుండా ఆపేదీ, కంటికి కనబడే నిగారింపును ఇచ్చేదీ ఈ పలుచని పొరే. యంత్రంతో గట్టిగా పాలిష్ పట్టిన ప్రతిసారీ ఇందులో కొన్ని మైక్రాన్లు పోతాయి, పోయినవి తిరిగి రావు.

పాలిష్ మీద ఇంత నమ్మకం ఊరికే పుట్టలేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో రంగూ మెరుపూ ఒకే పూతలో ఉండేవి. ఎండకు ఆ పూత పైభాగం సుద్దపొడిలా మారి వెలిసిపోయేది. రబ్బింగ్ కాంపౌండు, అంటే సన్నని రాపిడి పొడి కలిపిన ముద్ద, పెట్టి రుద్దితే చచ్చిన పైపొర గుడ్డకు అంటుకొని వచ్చేసి అడుగున ఉన్న తాజా రంగు బయటపడేది. అప్పటి పూతకు అది సరైన వైద్యమే. పైన క్లియర్ కోట్ ఉన్న పూతలు వచ్చాక ఆ వైద్యం చెల్లదు; ఇప్పుడు రుద్దితే పోయేది చచ్చిన రంగు కాదు, బతికున్న కవచం. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గాని, ఆ కారుకు నేర్చుకున్న రుద్దుడు చేతులు మారుతూ నేటి కార్ల దాకా వచ్చింది.

పొడిగుడ్డ తుడుపు అంతకన్నా పెద్ద తప్పు, ఈ ప్రాంతంలో మరీను. తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం చుట్టూ ఉన్న రైస్ మిల్లుల్లో బాయిలర్లకు ఊకే వంటచెరకు. ఊక బరువులో సుమారు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, ఆ బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికా, అంటే ఇసుకకు మూలమైన పదార్థం. సార్వా (ఖరీఫ్) కోతల వేళ, తిరిగి దాళ్వా (రబీ) కోతల వేళ, మిల్లు పొగగొట్టాల నుంచి రాలే బూడిదకు రోడ్ల అంచున ఆరబోసిన ధాన్యం నుంచి లేచే నుసి, చేలలో తగలబెట్టిన గడ్డి మసి తోడవుతాయి. తాడేపల్లిగూడానికి ఉత్తరాన మెట్ట మొదలవుతుంది కనుక వెంకట్రామన్నగూడెం వైపు నుంచి వచ్చే బండ్ల మీద ఎర్రమట్టి గరుకు కూడా చేరుతుంది. ఇవన్నీ కలిసిన సన్నని పొర తెల్లారేసరికి బానెట్ మీద పరుచుకొని ఉంటుంది. దాన్ని పొడిగుడ్డతో గుండ్రంగా తిప్పి తుడవడం గరుకు కాగితంతో రుద్దడం వంటిదే. నల్ల కారు బానెట్ మీద సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తే, వెలుగు చుక్క చుట్టూ సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు వందలుగా కనిపిస్తాయి. అవి రోడ్డు మీద పడినవి కావు, ఎవరో గీసినవీ కావు. ఎంతో శ్రద్ధతో రోజూ తుడిచిన చెయ్యి వేసినవి. దుమ్ము ఊరికే పడి ఉన్నంతసేపు గీత పడదు, దాన్ని గుడ్డతో లాగినప్పుడే పడుతుంది. కాబట్టి నీళ్లు లేని పూట కారును తుడవకుండా వదిలేయడమే దానికి చేయగల మేలు. కడిగేటప్పుడు ముందు ధారతో మట్టి జారిపోనిచ్చి, తర్వాత కారు షాంపూ నురగతో, పై నుంచి కిందికి, మురికి గుడ్డను జాడించే బకెట్టు ఒకటి, షాంపూ నీళ్ల బకెట్టు మరొకటి వేరువేరుగా పెట్టుకొని మైక్రోఫైబర్ గుడ్డతో కడగాలి. బట్టల సబ్బుపొడి క్షారం ఎక్కువగలది. రంగు మీది మైనాన్ని కరిగించి, అద్దాల చుట్టూ ఉన్న రబ్బరును ఎండగట్టే ఆ పొడి కారు దగ్గరికి రాకూడదు.

అయితే కడగడం అనగానే ఏ నీళ్లతో అన్న ప్రశ్న వస్తుంది, ఈ ప్రశ్న ఎవరూ అడగకపోవడమే ఇక్కడి అసలు లోపం. మెట్టలో బోరు నీళ్లు చాలా చోట్ల తాగడానికి పనికొస్తాయి. డెల్టాలోకి, కొల్లేటి వైపు దిగేకొద్దీ బోరు ఉప్పు తేలుతుంది. నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన మేలైన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు ఒప్పుకొనే హద్దు 2000. లీటరుకు 1500 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీళ్లతో కడిగిన కారు మీద అర లీటరు నీరు తుడవకుండా ఆరిపోయిందంటే ముప్పాతిక గ్రాము లవణం రంగు మీద మిగిలిపోయినట్టు. ఇందులో మామూలు ఉప్పు మళ్లీ నీళ్లు పోస్తే కరిగిపోతుంది. కాల్షియం అలా పోదు. నీటిలో బైకార్బొనేటుగా ఉన్నది ఆరేటప్పుడు కార్బొనేటుగా, అంటే సున్నపురాయి జాతి పదార్థంగా మారి తెల్లటి వలయమై ఎండకు కరుచుకుంటుంది. దాన్ని వదిలించడానికి మళ్లీ పాలిష్ పట్టడం, ఆ పాలిష్‌తో క్లియర్ కోట్ ఇంకొంచెం అరగడం, ఇదే చక్రం. కొత్త మరకకు నీళ్లు బాగా కలిపిన వెనిగర్ అద్ది వెంటనే కడిగేస్తే చాలినంత పనవుతుంది.

ఇంత చిక్కుకు విరుగుడు డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉంది. కారంతా బోరు నీళ్లతోనే కడిగినా, చివరి తడుపు మాత్రం ఆర్వో ప్లాంటు నుంచి తెచ్చిన ఒక 20 లీటర్ల క్యాను నీళ్లతోనో, పట్టి ఉంచిన వాన నీటితోనో చేసి, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, వెంటనే తడి అద్దేస్తే మరక పడే అవకాశమే ఉండదు. ప్లాంటు వెనక గొట్టం నుంచి వృథాగా పోయే నీళ్లను కారుకు వాడుకోవచ్చని కొందరు చెప్పే సలహా మాత్రం తలకిందులైనది, ఎందుకంటే వడగట్టిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోకే. కృష్ణా, గోదావరి కాలువలు కలిసే ఏలూరు వంటి ఊరికి కాలువ నీరు ఒక వరం. బోరు నీటితో పోలిస్తే అందులో లవణాలు బాగా తక్కువ, ఒండ్రు తేరుకోనిస్తే కారు కడగడానికి అది మంచి నీరే. కానీ కారును రేవులోకి దించి కడగడం వేరే సంగతి, అది ఊరందరి నీటికి చేసే ద్రోహం.

ఇక కొల్లేటి పక్షుల సంగతి. ఆటపాక దగ్గర గూడు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, చేపల చెరువుల వెంట తిరిగే కొంగలు, నీటికాకులు శీతకాలంలో ఈ ప్రాంతమంతటా ఎగురుతూ రోడ్ల పక్క చెట్ల మీద వాలుతుంటాయి; సార్వా బూడిద రాలే నెలలూ ఇవే. పక్షులు ఒంట్లోని నత్రజనిని యూరిక్ ఆమ్లంగా విసర్జిస్తాయి, రెట్టలో తెల్లగా కనిపించే భాగం అదే. ఎండకు రేకు కాలినప్పుడు క్లియర్ కోట్ కొద్దిగా మెత్తబడి వ్యాకోచిస్తుంది, మీద ఉన్న రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడి పూత ముడుచుకున్నప్పుడు ఆ రెట్ట ఆకారమే అచ్చుపడుతుంది. ఆమ్లం చేసే పని దానికి అదనం. తీరిక దొరికినప్పుడు గోటితో గీకడమో, పొడిగుడ్డతో నలిపి తుడవడమో ఇక్కడి అలవాటు. తడిపిన గుడ్డను దాని మీద పది నిమిషాలు పరిచి, నానాక పైకి ఎత్తెయ్యడం చేయాల్సిన పని. అది కూడా ఆ పూటే. కారులో ఒక నీళ్ల సీసా, ఒక మెత్తని గుడ్డ ఉంటే ఏ కోటింగూ ఇవ్వలేని రక్షణ దొరుకుతుంది.

కోటింగుల వాదనను తేలిగ్గా తీసెయ్యడం న్యాయం కాదు. సిరామిక్ కోటింగ్ అనేది ఎక్కువగా సిలికా ఆధారంగా చేసిన ద్రవం. గట్టిపడ్డాక దాని మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. దాని మీద మురికి గట్టిగా అంటుకోదు, కడగడం సులువవుతుంది, రెట్ట పడినప్పుడు కొంత వ్యవధి దొరుకుతుంది, ఇంతవరకు నిజం. గీతలు పడవన్న హామీ మాత్రం నిలవదు. ప్రకటనల్లో కనిపించే 9హెచ్ అన్న అంకె పెన్సిల్ పరీక్షది: మెత్తని 9బి నుంచి గట్టి 9హెచ్ వరకు పెన్సిళ్లను పూత మీద వాలుగా పెట్టి తోసి, ఏది గీత వేస్తుందో చూసే పరీక్ష. పెన్సిల్‌కు తట్టుకున్నది ఊక బూడిదకూ మెట్ట మట్టికీ తట్టుకుంటుందని దాని అర్థం కాదు. నీటిని ముత్యాల్లా నిలబెట్టే గుణాన్ని గొప్పగా చూపిస్తారు గాని, ఆ ముత్యాలు బోరు నీటివైతే ఎక్కడివక్కడే ఆరి, లవణమంతా చిన్న వలయంలోకి చేరుతుంది. పైగా కోటింగుకు ముందు గీతలు పోవడానికి పట్టే పాలిష్‌లో కొన్ని మైక్రాన్లు పోతాయి, పైన పెట్టేది ఒకటి రెండు. జాతీయ రహదారి 16 మీద లారీల వెనక ఎగిరే రాళ్లను నిజంగా ఆపగలిగేది 150 నుంచి 200 మైక్రాన్ల మందముండే పాలియురథేన్ ఫిల్ము. అది బానెట్, ముందు బంపరు వరకు వేయించుకోగలిగినవారికి దండగ కాదు.

పైకి కనిపించని చోట నష్టం ఇంకా ఎక్కువ. తలుపుల అడుగు అంచున నీరు జారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అద్దం పక్క నుంచి దిగిన వాన నీరు వాటి గుండానే బయటికి పోవాలి. డెల్టా నల్లమట్టి, గడ్డి నుసి చేరి అవి మూసుకుపోతే తలుపులో నీరు నిలిచి, రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది; బయట బుడగ కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. ఒక అగ్గిపుల్లతో అయ్యే ఈ పనిని వారం వారం సర్వీసింగుకు పంపేవారు కూడా చేయించరు. చేయించేది మరొకటి: లిఫ్టు మీద కడిగాక అడుగుభాగం నల్లగా నిగనిగలాడేలా డీజిలో పాత ఆయిలో పిచికారీ కొట్టించడం. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు నూనెకు ఉబ్బి మెత్తబడతాయి, జిడ్డుకు మరింత మట్టి పట్టి తడిని వదలదు. ఐసు కరిగి కారే చేపల లారీల వెనక, ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే కారుకు కావలసింది చక్రాల గూళ్లలోకి, అడుగుకు ధారగా కొట్టిన మంచినీరు, అంతే. ఆ నూనె అక్కడితో ఆగదు. మురుగు కాలువల్లో పడి చివరికి కొల్లేటికే చేరుతుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సుకు ఒక కారు అడుగు మెరవడం కోసం డీజిల్ పంపడాన్ని ఏ వాదమూ సమర్థించలేదు.

కారు లోపల కూడా మెరుపు మోజే నడుస్తోంది. డ్యాష్‌బోర్డును తయారీదారులు మెరవకుండా చేసేది కారణం ఉండే. దానికి సిలికోన్ పాలిష్ కొట్టి నిగారింపు తెస్తే ముందు అద్దంలో దాని నీడ పడుతుంది. పొద్దున్నే ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు, తూర్పు ఎండకు ఎదురుగా నడిపేవారికి అది ప్రమాదం, పైగా ఆ జిడ్డుకు దుమ్ము పడుతుంది. తడి పిండిన గుడ్డ చాలు. సీట్ల మీద షోరూము ప్లాస్టిక్ కవర్లను నెలల తరబడి ఉంచడం జాగ్రత్త అనుకుంటారు. ఈ ఉక్కలో చెమట వాటి కింద చిక్కి సీటుకు బూజు పడుతుంది. వానాకాలంలో రబ్బరు మ్యాటు పైభాగం తుడిచి ఊరుకుంటే, కింద కార్పెట్టు, దాని అడుగు నురుగు పొర తడిగానే ఉండిపోతాయి. వరద నీరు లోపలికి వచ్చిన కారుకైతే సీట్లు విప్పి కార్పెట్టు బయటికి తీసి ఎండబెట్టడం తప్ప దారి లేదు. షాంపూ, సెంటు వాసన కప్పగలవు గాని, అడుగున వైర్ల కనెక్టర్లకు పట్టే పచ్చని తుప్పును ఆపలేవు. ఇల్లు చేరడానికి కొద్ది నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం తిరగనిస్తే లోపలి చల్లని గొట్టాల మీద తడి ఆరి, ముక్క వాసన రాదు.

మెరుపు లేకపోతే అమ్మేటప్పుడు ధర రాదన్నది చివరి వాదన. పాత కార్ల వ్యాపారి ఏ కారుకైనా అమ్మకానికి పెట్టే ముందు పాలిష్ పట్టిస్తాడు, కనుక ఆ మెరుపు కారు గతం గురించి ఏమీ చెప్పదు. తెలిసిన కొనుగోలుదారు తలుపు తెరిచి అడుగు అంచును వేలితో తడుముతాడు, మ్యాటు ఎత్తి కార్పెట్టును అరచేత్తో నొక్కి చూస్తాడు, పూత మందం కొలిచే చిన్న పరికరాన్ని బానెట్ మీద నాలుగు చోట్ల పెడతాడు. బేరం మొదలయ్యేది ఆ తర్వాతే.