పడవలో మన చోటెక్కడ?

రామగిరిలో కూర్చుని పడవ గురించి మాట్లాడితే నవ్వొస్తుంది, ఒప్పుకుంటా. మన కొండల మీద తిరిగేవి గాలిమరలు. కొండల కింద ఉన్నవి మూతపడ్డ బంగారు గనులు. నీళ్ళంటే మనకు బోరు, లేదంటే ట్యాంకరు. పడవ అనేది సినిమాలో గోదారి పాటలో కనిపించే వస్తువు.

కానీ పేరూరు డ్యామ్ మన మండలంలోనే ఉంది కదా. ఏళ్ళ తరబడి గడ్డి మొలిచిన ఆ డ్యామ్‌కు 2022లో పెన్న వరదొచ్చి గేట్లు ఎత్తాల్సొచ్చింది. హంద్రీ-నీవా కాలువ పుణ్యమా అని చుట్టుపక్కల చెరువుల్లోకీ నీళ్ళొస్తున్నాయి. నీళ్ళొస్తే చూడ్డానికి జనం పోతారు. జనం పోతే ఫోన్లు బయటికొస్తాయి. ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పుట్టి ఒకటి కనపడుతుంది. "అన్నా, ఒక్క రౌండు తిప్పుతావా?" అని ఎవడో అడుగుతాడు.

కథ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. గోదారి జిల్లాల పిల్లాడికి పడవెక్కడం అంటే ఆటో ఎక్కడం లాంటిది, చిన్నప్పుడే ఒంటికి తెలిసిపోతుంది. మనకు తెలీదు. నీళ్ళు లేని ఊరి వాళ్ళకు నీటి భయం ఉంటుంది గానీ, నీటి లెక్క తెలీదు.

2017 ఏప్రిల్ 28. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజుచెరువు. బంధువుల ఊరికి వచ్చినవాళ్ళు సరదాగా చెరువులో చిన్న పడవెక్కారు. పట్టేదానికంటే ఎక్కువ మంది ఎక్కారు. పడవ బోల్తా పడింది. పన్నెండు మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. అది సముద్రం కాదు. తుఫాను రాలేదు. ఒడ్డు నుంచి కనపడే చెరువు.

అలలు పడవను తిప్పేస్తాయని మనం అనుకుంటాం. చిన్న పడవను తిప్పేసేది చాలాసార్లు లోపలున్న మనమే. నమ్మకపోతే ఇంట్లో చూడండి. పెద్ద బకెట్లో నీళ్ళు పోసి వెడల్పాటి గిన్నె ఒకటి తేలేయండి. అందులో రెండు పిడికిళ్ళ శనక్కాయలు మధ్యలో వేయండి. గిన్నె హాయిగా కూర్చుంటుంది. ఇప్పుడు శనక్కాయలన్నీ ఒక పక్కకు నెట్టండి. బరువు అంతే, ఒక్క కాయ కూడా పెరగలేదు. కానీ అంచు నీళ్ళ దాకా వంగిపోతుంది. తర్వాత కాయలు తీసేసి ఒక పొడుగాటి గ్లాసు నిండా నీళ్ళు పోసి గిన్నెలో నిలబెట్టండి. వేలితో గిన్నెను కొంచెం కదపండి. ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు, కింద గుడ్డ మాత్రం పరుచుకోండి, అమ్మ తిడుతుంది.

ఒక పక్కకు జరిగిన శనక్కాయలంటే గ్రూప్ సెల్ఫీ. నిలబడ్డ గ్లాసంటే రీల్ కోసం లేచి నిలుచున్న మన ఫ్రెండు. పడవలో పదిమంది ఉన్నారనుకోండి. తలా అరవై కిలోలు వేసుకున్నా ఆరొందల కిలోలు. "అదిగో మొసలి" అని ఎవడైనా ఉత్తినే అరిచినా చాలు, ఆ ఆరొందల కిలోలూ ఒకే పక్కకు వచ్చేస్తాయి.

పుట్టి విషయానికొస్తే, అది మన దగ్గర చాలా పాత బండి. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ తుంగభద్ర దాటే ఈ గుండ్రటి పడవల గురించి రాసిపెట్టాడు. లోపల పేము అల్లిక, బయట తోలు, పదిహేను నుంచి ఇరవై మంది దాకా పడతారట, అవసరమైతే గుర్రాలు, ఎద్దులు కూడా. తెడ్డేస్తుంటే గిర్రున తిరుగుతూనే పోతాయని కూడా చెప్పాడు. ఆ సామ్రాజ్యానికే మన పెనుకొండ తర్వాత రాజధాని అయ్యింది. ఇప్పుడు తోలు పోయి టార్పాలిను, తారు వచ్చాయి. కొన్నిచోట్ల ఫైబర్ పుట్లు వచ్చాయి. ఆకారం మాత్రం అదే.

పుట్టికి ముందూ వెనకా లేవు. అడుగున మొన కూడా లేదు. నీళ్ళలో మునిగి కాదు, నీళ్ళ మీద పళ్ళెంలా కూర్చుని ఉంటుంది. అందుకే లోతు తక్కువ ఉన్నచోట కూడా పోతుంది. అందుకే అంచు మీద కాలు పెడితే పళ్ళెం లేచినట్టు లేస్తుంది కూడా. ఎక్కేటప్పుడు అంచు మీద కాదు, లోపల అడుగు మధ్యలో కాలు పెట్టాలి. ఒకరి తర్వాత ఒకరు. మొదటివాళ్ళు కూర్చున్నాకే రెండోవాళ్ళు. ఎదురెదురుగా సమంగా కూర్చోవాలి, అదీ అంచు మీద కాదు, అడుగున. ప్యాంటు తడుస్తుందా? తడవనీండి.

అడుగున నీళ్ళు చేరితే వెంటనే తోడేయాలి. అవి తక్కువే కదా అనుకోవద్దు. పళ్ళెంలో సాంబారు మోసుకెళ్ళేటప్పుడు చూడండి, కొంచెం వంగితే చాలు, మొత్తం ఆ పక్కకే పరిగెత్తుతుంది. పడవలో నీళ్ళు కూడా అంతే. మనం కదలకుండా కూర్చున్నా అవి కదులుతాయి, వంగిన వైపే బరువు పెంచుతాయి.

ఇక మనవాళ్ళలో చాలామంది మొదటిసారి నిజమైన బోటెక్కేది గోవాలో. బెంగళూరులో ఉద్యోగం, నాలుగు రోజుల సెలవు, ఆరుగురు ఫ్రెండ్స్, 'ఫిషింగ్ ట్రిప్' ప్యాకేజీ. అక్కడ ఎక్కించేవి ఎక్కువగా మామూలు బోట్లే. కానీ గాలంతో చేపలు పట్టడానికే కట్టిన స్పోర్ట్ ఫిషింగ్ బోటు ఒకటి ఉంటుంది, దాన్ని చూస్తే ఈ లెక్కంతా అర్థమవుతుంది.

ఆ బోటు వెనక భాగంలో వెడల్పుగా, కిందికి దిగినట్టు, పైన కప్పు లేకుండా ఒక చోటుంటుంది. దాన్ని కాక్‌పిట్ అంటారు. అవును, విమానంలో పైలట్ కూర్చునే చోటుకు ఉన్న పేరే. ఆ మాట విమానానికి పోకముందే పడవల్లో ఉంది. అంతకంటే ముందు దానర్థం కోడిపందేల గొయ్యి! సంక్రాంతికి భీమవరం పోయొచ్చినవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు.

ఈ గొయ్యి ఎందుకు కిందికుంటుంది? మనుషుల బరువు కిందికుంటే బోటు నిలకడగా ఉంటుంది కాబట్టి. చేపను నీళ్ళలోంచి అందుకోవడానికి కూడా వీలు. చుట్టూ ఉన్న గోడ తొడల దాకా వస్తుంది, మోకాళ్ళ కిందికి కాదు. మోకాలి ఎత్తు గోడైతే కాలికి తగిలి బయటికి పల్టీ కొడతాం. తొడల దాకా ఉంటే ఆనుకుని నిలబడొచ్చు. గోడ అడుగున పాదాల వేళ్ళు దూరేంత ఖాళీ వదులుతారు, మన కిచెన్ గట్టు కింద అల్మారాకు వదిలినట్టు. పాదం లోపలికి పోతేనే ఒళ్ళు గోడకు ఆనుతుంది. నేల గరుగ్గా ఉంటుంది. నీళ్ళు బయటికి పోవడానికి మూలల్లో రంధ్రాలుంటాయి. గాలం కర్రలు నిలబెట్టే గొట్టాలు అంచులోనే బిగించి ఉంటాయి, ఎందుకంటే నేల మీద పడేసిన గాలం ఎవరి కాల్లో దిగుతుందో తెలీదు.

నాకు అన్నిటికంటే నచ్చింది కుర్చీ. విశాఖ వైపు మత్స్యకారులు కొమ్ముకోనాం అంటారే, ముక్కు బల్లెంలా ఉండే చేప, అలాంటి పెద్ద చేపలతో పోరాడేవాడికి ఒక తిరుగుడు కుర్చీ ఉంటుంది. దాన్ని కాక్‌పిట్ మధ్యలోనే నేలకు బిగిస్తారు. చేప ఎటు పరిగెత్తితే అటు కుర్చీ తిరుగుతుంది. మనిషి అటు పరిగెత్తడు. కోట్ల రూపాయల బోటు కట్టినవాళ్ళు కూడా చేసింది ఇదే, శనక్కాయల్ని మధ్యలో ఉంచడం.

అలాంటి బోటు మీద నడక కూడా వేరే. కాళ్ళు ఎడంగా, మోకాళ్ళు కొంచెం వంచి. రెండు చేతుల్లో ఒకటి ఎప్పుడూ బోటును పట్టుకునే ఉండాలి. ఓడవాళ్ళు ఒక చెయ్యి పనికి, ఒక చెయ్యి నీ ప్రాణానికి అంటారు. ఫోను ఒక చేతిలో, కూల్ డ్రింక్ ఇంకో చేతిలో ఉంటే ప్రాణానికి చెయ్యి మిగల్లేదని అర్థం. బోటు స్పీడులో ఉన్నప్పుడు పక్కనున్న సన్న దారి గుండా ముందుకు పోవద్దు. పోవాల్సిందే అయితే నడిపేవాడికి చెప్పి, స్పీడు తగ్గించాక పోండి. ముందు మొన దగ్గర ఫోటో బాగా వస్తుంది నిజమే, ఎగిరి పడేది కూడా అక్కడే. కడుపులో తిప్పేవాళ్ళు మధ్యకూ వెనక్కూ మధ్యలో కూర్చుని దూరంగా ఆకాశం, నీళ్ళు కలిసే గీతను చూస్తే కొంచెం నయం.

రెండంతస్తుల టూరిస్టు బోట్లు వేరే కథ. పైకి ఎక్కేకొద్దీ జనం నిలబడ్డ గ్లాసు అవుతారు. కేరళలో తానూరు దగ్గర 2023 మే 7న మునిగిన బోటు, చేపల పడవను మార్చి రెండంతస్తులు చేసినది. 22 మంది పోయారు. మన గోదారిలో 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు, గాలివాన వస్తోందని ప్రయాణికులు లోపల తలుపులేసుకున్నారు. ఆ తలుపులే బయటికి రానీలేదు. వాన పడితే లోపలికి పోవాలనిపించడం సహజం. అయినా చిన్న బోటులో తడిసి బయట కూర్చోవడమే మేలు. లైఫ్ జాకెట్ వేసుకుని మూసిన గదిలో ఉన్నా లాభం లేదు, అది మనల్ని పైకప్పుకు తీసుకుపోయి అంటిస్తుంది. ఎక్కగానే బయటికి దారెక్కడో చూసుకుని, దానికి దగ్గర్లో కూర్చోండి.

లైఫ్ జాకెట్ గురించి ఒక్క పరీక్ష. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని పక్కవాణ్ణి అడగండి. గడ్డం దాటి పైకొస్తే అది మీ సైజు కాదు, లేదా సరిగా బిగించలేదు. 'వేడిగా ఉంది' అని సీటు కింద పెట్టిన జాకెట్ సీటును కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. పిల్లలకు పిల్లల సైజే అడగండి. లేదంటారా, పిల్లల్ని ఎక్కించకండి, అంతే. డబ్బులు కట్టేశాం కదా అని మొహమాటపడొద్దు.

ఎవరైనా నీళ్ళలో పడ్డారనుకోండి. అందరూ ఆ పక్కకు ఉరికితే మిగతావాళ్ళూ పడతారు. ఒక్కరు మాత్రం పడినవాళ్ళ వైపు వేలు చూపిస్తూ ఉండాలి, చూపు తిప్పకూడదు. నీళ్ళలో తల ఒక్కసారి కళ్ళ నుంచి తప్పిందంటే మళ్ళీ దొరకడం కష్టం. ఇంకొకరు తాడో, ఖాళీ నూనె క్యానో విసరాలి. ఇంజన్ ఉన్న బోటైతే ముందు అది ఆపించండి, కింద ఫ్యాను ఉంటుంది. పైకి లాగేటప్పుడు ఒకరిద్దరు లాగితే మిగతావాళ్ళు ఎదురు పక్క కూర్చోవాలి. ఈత వచ్చు కదా అని వెంటనే దూకొద్దు. మునిగేవాళ్ళు మెడ పట్టుకుంటారు, వాళ్ళ తప్పు కాదు అది. పడవే తిరగబడితే దాన్నే పట్టుకోండి. ఒడ్డు దగ్గరగానే కనిపిస్తుంది, ఈదాలనిపిస్తుంది. తిరగబడ్డ చెక్క పడవ, పుట్టి చాలాసార్లు తేలుతూనే ఉంటాయి, వెతికేవాళ్ళకు కనపడేది కూడా అవే.

ఇక దిగడం. ధర్మవరం బస్టాండులోకి బస్సు తిరగ్గానే అందరం లేచి నిలబడతాం కదా, ఒడ్డు చూడగానే పడవలో కూడా అదే పని చేస్తాం. అప్పటిదాకా బుద్ధిగా కూర్చున్న పదిమందీ ఒక్కసారి లేచి ఒడ్డున్న వైపుకే వస్తారు. ఒడ్డు దగ్గర లోతు తక్కువే ఉంటుందన్న గ్యారంటీ లేదు, మన చెరువుల్లో మట్టి తవ్వుకుపోయిన గుంతలు పక్కనే ఉంటాయి. తాడు కట్టేదాకా కూర్చోండి. మధ్యలో ఉన్నవాళ్ళు ముందు, అంచున ఉన్నవాళ్ళు తర్వాత, ఒక్కొక్కరే. బ్యాగులు ముందు ఒడ్డు మీదున్నవాళ్ళకు అందించేయండి, ఫోను జేబులో పెట్టి జిప్పు వేయండి. కాలు ఒడ్డు మీద పడ్డాక ఎన్ని సెల్ఫీలైనా దిగొచ్చు, వెనక పడవ కూడా వస్తుంది ఫ్రేములో.