హోస్టింగ్ సరే, డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

మన ప్రవాస సంఘాల్లో వెబ్‌సైట్‌ను కొత్త హోస్టింగ్‌కి మార్చాలంటే ఏడాదికి ఎన్ని డాలర్లు, ఎన్ని గిగాబైట్లు అన్న చర్చే నడుస్తుంది. డొమైన్ ఎవరి పేరు మీద ఉందని ఎవరూ అడగరు. నన్నడిగితే మొదట తేల్చుకోవలసింది అదే.

హోస్టింగ్ అద్దె ఇల్లు. డొమైన్ మన పేరు. ఆ పేరు పట్టుకుని వచ్చినవాళ్ళకు మనం ఏ ఇంట్లో ఉన్నామో చెప్పేవి నేమ్ సర్వర్లు. నేను పనిచేసే సంఘం డొమైన్‌ను ఏనాడో ఒక కార్యకర్త సొంత కార్డుతో కొన్నారు. ఆయన మంచివాడే. కానీ ఉద్యోగం మారింది, ఊరు మారింది, రెన్యువల్ నోటీసులు మాత్రం ఆయన వాడని ఈమెయిల్‌కే పోతున్నాయి. పాత కమిటీ కొత్త కమిటీకి బ్యాంకు లెక్కలు అప్పగిస్తుంది గానీ పాస్‌వర్డ్ అప్పగించదు! మీ సంఘంలోనూ అడిగి చూడండి.

రాజకీయాలు మాట్లాడేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. 2010 డిసెంబర్ 1న అమెజాన్ వికీలీక్స్‌ను తన సర్వర్ల నుంచి తొలగించింది. సైటు వేరే సర్వర్లకు మారి బతికింది. మర్నాడు రాత్రి ఎవ్రీడీఎన్ఎస్ సంస్థ, ఆ సైటుపై జరుగుతున్న దాడుల వల్ల మిగతా ఖాతాదారులకు ఇబ్బంది అంటూ నేమ్ సర్వర్ సేవ ఆపేసింది. అంతే, సర్వర్లు నడుస్తున్నా ఆ పేరు పలకలేదు. స్విట్జర్లాండ్ డొమైన్‌తో మళ్ళీ జనం ముందుకు రావలసి వచ్చింది. వికీలీక్స్ మీకు నచ్చిందా లేదా అన్నది వేరే సంగతి.

ఇక మార్చే పని. నేమ్ సర్వర్లు మార్చడానికి రిజిస్ట్రార్‌ను మార్చనక్కరలేదు. పాత రికార్డులన్నీ కొత్తచోట ముందే రాసిపెట్టుకోవాలి, ముఖ్యంగా మెయిల్‌కి సంబంధించిన ఎమ్ఎక్స్ రికార్డులు. సైటు కనిపిస్తోంది కదా అని మనం చంకలు గుద్దుకుంటుంటే సభ్యుల మెయిళ్ళు గాల్లో కలుస్తాయి. డీఎన్ఎస్‌సెక్ పెట్టుకుని ఉంటే రిజిస్ట్రార్ దగ్గర డీఎస్ రికార్డు ముందుగా తీసేయాలి. డాట్ కామ్ విషయంలో పాత నేమ్ సర్వర్ల సమాచారం 48 గంటల దాకా అక్కడక్కడా నిలిచి ఉండొచ్చు, కాబట్టి పాత హోస్టింగ్‌ను ఒక వారం అలాగే ఉంచండి. ఆ వారం అద్దె దగ్గర పిసినారితనం వద్దు.

సైటు కొత్తచోట కుదురుకున్నాక డొమైన్‌ను సంఘం పేరు మీదికి మార్పించండి. ఇద్దరు బాధ్యుల చేతిలో లాగిన్ ఉండాలి. రిజిస్ట్రార్‌కి ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్‌ది కాకూడదు, డొమైన్ ఆగిన రోజు ఆ మెయిలూ ఆగుతుంది. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఖజానా లెక్కల పక్కనే దీన్ని పెట్టించమని నా మనవి.