అందరూ వాడుతున్నారన్నది కారణం కాదు

వెబ్ కోడింగ్ నేర్చుకుంటామని వచ్చిన పిల్లలకి మొదటి రోజు చెప్పే మాట ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకటే: "వీఎస్ కోడ్ ఇన్‌స్టాల్ చేసుకోండి." ఆ వెనకే ఎక్స్‌టెన్షన్ల జాబితా వస్తుంది. లైవ్ సర్వర్, ప్రెటియర్, ఆటో రీనేమ్ ట్యాగ్, ఓ ఐకాన్ థీమ్, కోడ్ తానే రాసిపెట్టే ఓ ఏఐ సహాయకుడు. ఎందుకని అడిగితే వచ్చే జవాబులూ ఎప్పుడూ అవే. అందరూ అదే వాడుతున్నారు, కంపెనీల్లో అదే ఉంటుంది, పైగా ఫ్రీ. ఈ మూడింటిలో ఒక్కటి కూడా నేర్చుకునేవాళ్ల గురించి కాదు. అందుకే ఈ సలహా తప్పంటున్నాను.

వీఎస్ కోడ్ మంచి ఎడిటరే. 2015లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన దగ్గర్నుంచి దాని వెనక గట్టి పనితనం ఉంది. మరుసటి ఏడాది ఆ బృందం తెచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ పుణ్యమా అని విమ్, సబ్లైమ్ లాంటి వేరే ఎడిటర్లు కూడా కోడ్‌లో తప్పులు పట్టడం, పేర్లు పూర్తిచేయడం నేర్చుకున్నాయి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2024 సర్వేలో 73 శాతానికి పైగా వీఎస్ కోడ్ వాడుతున్నామన్నారు. అయితే ఆ సర్వేకి జవాబిచ్చినవాళ్లలో అత్యధికులు ఇదే వృత్తిలో ఉన్నవాళ్లు. పని వచ్చినవాళ్లకి సౌకర్యంగా ఉన్నది, మొదటి పేరా ట్యాగ్ రాయబోయే అమ్మాయికి పని నేర్పుతుందని ఆ అంకె ఎక్కడా చెప్పడం లేదు.

ఆ అమ్మాయి తెర మీద ఏం జరుగుతుందో చూద్దాం. కొత్త హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్ తెరిచి, ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కుతుంది. ఎమ్మెట్ అనే సదుపాయం పేజీకి కావలసిన చట్రమంతా ఒక్కసారిగా దించేస్తుంది: డాక్‌టైప్, భాష గుర్తు, చార్‌సెట్, వ్యూపోర్ట్. ఇవే వరసలు వందలసార్లు రాసి విసిగినవాళ్ల కోసం పుట్టిన సదుపాయమది. ఒక్కసారి కూడా రాయనివాళ్ల చేతికి ఇస్తున్నాం. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్ని వ్యూపోర్ట్ వరస ఎందుకుందని అడిగితే, "అది డిఫాల్ట్‌గా వస్తుంది సార్" అంటారు. ఆ వరస తీసేసి అదే పేజీని ఫోన్‌లో తెరవమంటాను. ఫోన్ బ్రౌజర్ దాన్ని 980 పిక్సెళ్ల వెడల్పున్న డెస్క్‌టాప్ పేజీగా లెక్కేసుకుని, మొత్తం కుదించి చూపిస్తుంది. అక్షరాలు చదవడానికి వేళ్లతో లాగి పెద్దవి చేసుకోవాలి. ఇది చూశాక మళ్లీ ఎవరూ ఆ వరస మర్చిపోలేదు.

తెలుగువాళ్లకి ఇందులో ఇంకో నష్టం ఉంది. ఎమ్మెట్ దించే చట్రంలో భాష గుర్తు ఇంగ్లిష్ అని ఉంటుంది. పేజీ నిండా తెలుగు రాసినా ఆ గుర్తు అలాగే ఉండిపోతుంది. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లు ఏ గొంతుతో చదవాలో తేల్చుకునేది ఆ గుర్తును బట్టే. తెలుగు పేజీ ఇంగ్లిష్ గొంతు పాలబడే ప్రమాదం అక్కడే మొదలవుతుంది. తెలుగు సైట్ల సోర్స్ తెరిచి చూసే అలవాటున్నవాళ్లకి ఈ తప్పు కొత్త కాదు. రాసినవాళ్లు ఆ రెండక్షరాల భాష గుర్తును తమ చేత్తో టైప్ చేసి ఉంటే, అది ఏ భాషో ఒక్క క్షణమైనా ఆలోచించేవాళ్లు.

లైవ్ సర్వర్ కథ ఇంకా విచిత్రం. "సార్, లైవ్ సర్వర్ ఆగిపోయింది, ఇప్పుడు పేజీ ఎలా చూడాలి?" అని అడిగినవాళ్లున్నారు. ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటుందని వాళ్లకెవరూ చెప్పలేదు. బొమ్మ దారిని స్లాష్‌తో మొదలుపెడితే లైవ్ సర్వర్‌లో చక్కగా కనిపిస్తుంది. అదే ప్రాజెక్టును గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టగానే అది ఒక ఉపఫోల్డర్ కిందికి వెళ్తుంది, బొమ్మలన్నీ మాయం. ఆ స్లాష్ ఎక్కణ్నుంచి లెక్క మొదలుపెడుతుందో తెలియకపోతే, రాత్రంతా ఎక్స్‌టెన్షన్లు తీసి మళ్లీ వేసుకుంటూ కూర్చోవాల్సిందే.

"అయితే నోట్‌ప్యాడ్‌లో రాయమంటారా?" అని అడగొచ్చు. విండోస్ నోట్‌ప్యాడ్‌ను నేను సిఫారసు చేయను. 2019 దాకా అది ఫైళ్లను మామూలుగా ఏఎన్‌ఎస్‌ఐ పద్ధతిలో దాచేది; హెచ్చరికను పట్టించుకోకుండా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయేది. నేను చెప్పేది నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, జీనీ, కేట్ లాంటి తేలికపాటి ఎడిటర్ల గురించి. రంగులు, వరస నంబర్లు, ఇండెంట్, ఎన్‌కోడింగ్ ఏదో చూపించే చోటు ఉంటే మొదటి రెండు మూడు నెలలకి చాలు. ఆటో కంప్లీషన్ ఉంటే సెట్టింగుల్లో ఆపేయాలి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెలుగు ఫైల్ తెరిచి, ఎన్‌కోడింగ్ మెనూలో ఏఎన్‌ఎస్‌ఐ ఎంచుకుని చూడండి. ఒక్కో తెలుగు అక్షరం వింత గుర్తుల గుంపుగా విడిపోతుంది. "క్ష" అన్నది క, పొల్లు, ష అనే మూడు కోడ్లనీ, ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో మూడు బైట్లనీ, మొత్తం తొమ్మిది అవుతుందనీ అప్పుడు చెబితే ఎక్కుతుంది. చార్‌సెట్ వరస ఎందుకో వేరే పాఠం అక్కర్లేదు.

మెషీన్ సంగతి కూడా చూడాలి. వీఎస్ కోడ్ నడిచేది ఎలెక్ట్రాన్ మీద, అంటే లోపల ఒక క్రోమియం బ్రౌజర్ తిరుగుతుంటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో విండోస్, క్రోమ్, ఇదీ కలిసి తెరిస్తే టైప్ చేసిన అక్షరం ఆలస్యంగా పడుతుంది. పిల్లలు తమకే కోడింగ్ రావడం లేదనుకుంటారు.

ఇక ఉద్యోగాల వాదన. ఒకప్పుడు డ్రీమ్‌వీవర్ రాకపోతే వెబ్ డిజైనర్ కాదన్నారు. అడోబీ వెబ్ కోసమే ప్రత్యేకంగా తెచ్చిన బ్రాకెట్స్‌కు 2021 సెప్టెంబరులో ఆ సంస్థే మద్దతు ఆపేసింది. గిట్‌హబ్ 2014లో తెచ్చిన ఆటమ్‌ను ఎంతోమంది నెత్తిన పెట్టుకున్నారు. 2018లో గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది, 2022 డిసెంబరు 15న ఆటమ్ మూతపడింది. వాటిలో రాసిన హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లు మాత్రం ఈ రోజుకీ ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటాయి. ఫ్రీ అన్న మాట కూడా సగమే నిజం. సోర్స్ కోడ్ ఎమ్‌ఐటీ లైసెన్స్ కింద ఉన్నా, మనం డౌన్‌లోడ్ చేసుకునే ప్రోగ్రామ్‌కు మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్స్ ఉంది. ఎక్స్‌టెన్షన్ల మార్కెట్‌ను ఆ సంస్థ ఉత్పత్తులతోనే వాడాలన్న షరతూ ఉంది.

2024 డిసెంబరు నుంచి కోపైలట్ అనే ఏఐ సహాయకుడు కూడా వీఎస్ కోడ్‌లో కొంత పరిమితి దాకా ఉచితంగా వస్తోంది. సగం మాట టైప్ చేసేసరికి మిగతాదంతా బూడిదరంగులో ముందుకొచ్చి నిలబడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు దాన్ని చదివి, తప్పయితే వద్దంటారు. తప్పేదో ఒప్పేదో ఇంకా తెలియని పిల్లలు ట్యాబ్ నొక్కుతారు. వాళ్లు ఆలోచించాల్సిన ఆ కొద్ది క్షణాలనే మనం లాగేసుకుంటున్నాం. నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

శిక్షణ కేంద్రాలు నడిపేవాళ్లూ కాలేజీ ల్యాబుల్లో పాఠం చెప్పేవాళ్లూ మొదటి నెల పాఠాల్లోంచి ఎక్స్‌టెన్షన్ల జాబితా తీసేయండి. ఆ సమయంలో ఒక్కొక్కరి చేత సొంత ఊరి గురించి ఒక తెలుగు పేజీ మొదటి వరస నుంచీ టైప్ చేయించండి. దాన్ని డబ్ల్యూ3సీ వ్యాలిడేటర్‌లో పెట్టించి, అది ఎత్తిచూపిన ఒక్కో తప్పునూ వాళ్లనే వెతికి దిద్దమనండి. ఎఫ్12 నొక్కి బ్రౌజర్ ఆ ట్యాగులను ఎలా అర్థం చేసుకుందో చూపించండి. ఆ తర్వాత వీఎస్ కోడ్ ఇవ్వండి, ఖాళీగా. ఏ ఎక్స్‌టెన్షన్ ఎందుకు కావాలో వాళ్లే వచ్చి అడుగుతారు.