గట్టు దాటితే పటం ఉండదు

నెట్‌వర్కింగ్ పరీక్షల కోసం మన విద్యార్థులు బట్టీ పట్టే వాక్యం ఒకటుంది: లింక్-స్టేట్ పద్ధతిలో ప్రతి రౌటర్‌కూ నెట్‌వర్క్ మొత్తం పటం తెలుసు. ఇది సగమే నిజం. మిగతా సగం చెప్పకపోవడం వల్ల ఉద్యోగంలో చేరాక ఇబ్బంది పడేది ఆ పిల్లలే.

1994 ప్లేగు తర్వాత సూరత్‌లో జరిగిన మార్పు గుర్తు చేసుకుందాం. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు జోన్ల అధికారులకు నిర్ణయాధికారం ఇచ్చారు. వీధుల్లో చూసిందంతా జోన్‌లోని వారికి తెలుస్తుంది. సమీక్ష సమావేశానికి మాత్రం సారాంశమే చేరుతుంది.

ఓఎస్‌పీఎఫ్‌లోని ఏరియాలూ ఇంతే. ఒక ఏరియాలోని రౌటర్లన్నీ ఒకే పటాన్ని పంచుకుని, డైక్‌స్ట్రా పద్ధతితో దగ్గరి దారి లెక్కిస్తాయి. సరిహద్దు రౌటర్ దగ్గర పటం ఆగిపోతుంది. అది అవతలికి పంపేది 'ఫలానా నెట్‌వర్క్ నా నుంచి ఇంత ఖర్చులో ఉంది' అన్న ఒక్క ముక్కే. అవతలివారు నమ్మాల్సిందే, సరిచూసుకునే వీలు లేదు. అంటే ఏరియాల మధ్య నడిచేది పాత డిస్టెన్స్-వెక్టర్ పద్ధతే. చెప్పుడు మాట చుట్టూ తిరిగి చెప్పినవాడి దగ్గరికే రాకుండా, ఏరియాలన్నీ బ్యాక్‌బోన్‌కు, అంటే సున్నా ఏరియాకు, అతుక్కుని ఉండాలన్న నియమం అందుకే వచ్చింది.

అసలు చిక్కు సారాంశంలో ఉంది. మన తెలుగు నేత కుటుంబాలు ఎక్కువగా ఉండే లింబాయత్‌ను ఒక ఏరియా అనుకోండి. దానికి రెండు సరిహద్దు రౌటర్లు, లోపల రెండు నెట్‌వర్కులు. మొదటి రౌటర్ నుంచి వాటి ఖర్చు 10, 50. రెండో దాని నుంచి 40, 20. రెండింటినీ ఒకే చిరునామా శ్రేణిగా కలిపి చెబితే, 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2328 ప్రకారం పెద్ద అంకెనే ప్రకటించాలి. మొదటిది 50 అంటుంది, రెండోది 40 అంటుంది. రెండింటికీ సమాన దూరంలో ఉన్న బయటి రౌటర్ అంతా రెండో దానికే పంపుతుంది. 10తో పోయే పనికి 40 ఖర్చు! అంతకుముందటి ఆర్‌ఎఫ్‌సీ 1583లో చిన్న అంకె ప్రకటించేవారు. పాత, కొత్త లెక్కల రౌటర్లు కలిసి ఉంటే ప్యాకెట్లు గుండ్రంగా తిరిగే ప్రమాదం కూడా ఉంది.

దీని లాభం లాభమే. లోపల ఒక తీగ తెగితే ఊరంతా మళ్లీ లెక్కలు వేసుకోనక్కర్లేదు. కానీ శ్రేణిలోని ఒక నెట్‌వర్క్ పూర్తిగా పడిపోయినా బయటివారికి తెలియదు. ప్యాకెట్ సరిహద్దు దాకా ప్రయాణించి అక్కడ పోతుంది.

రౌటర్ల జ్ఞాపకశక్తి, వేగం తక్కువగా ఉన్న రోజుల్లో ఏరియాలు తప్పనిసరి. ఇప్పుడు పది ఇరవై రౌటర్లున్న కళాశాలకు నాలుగు ఏరియాలు ఎందుకు? పుస్తకంలో బొమ్మ అలా ఉందని తప్ప నాకు వేరే కారణం కనిపించదు. ప్రయోగశాలలో ఏరియా ఆదేశాలు టైపు చేయించడంతో సరిపెట్టకుండా, పైన చెప్పిన లెక్కను విద్యార్థుల చేత కాగితం మీద వేయించాలి. తర్వాత ఒక తీగ పీకి, ఎవరికి తెలిసిందో, ఎవరికి తెలియలేదో రాయమనాలి. ఇందుకు ఒక గంట చాలు.