పొగను కనిపెట్టే కావలివాడు: తీగతోనా, తీగ లేకుండానా?



తాండూరులో మా తమ్ముడు పాత ఇంటి ముందర రెండు కొత్త గదులు కట్టిస్తున్నాడు. స్లాబుకు ఇనుప చువ్వలు పరిచారని కబురు వస్తే వికారాబాదులో రైలెక్కి వెళ్లాను. నేను వెళ్లేసరికి ఇంట్లో చిన్న వాదన నడుస్తోంది. పొగ వస్తే మోగే అలారం పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు. అది కరెంటు తీగతో నడిచేది కావాలా, తీగ లేకుండా బ్యాటరీతో నడిచేది కావాలా అన్న దగ్గర మాట కుదరలేదు.

మన ఇళ్లకు ఇవన్నీ ఎందుకని మీరు అనుకోవచ్చు. పోయిన చలికాలం వరకు నేనూ అలాగే అనుకున్నాను. ఒక రాత్రి మా అమ్మ దుప్పటి అంచు మంచం పక్కనున్న దోమల చుట్ట మీదికి జారింది. మంట లేవలేదు. దూది పరుపు లోలోపలే రాజుకుంది. గదంతా పొగ. అమ్మకు వినికిడి తక్కువ. నిద్రలో దగ్గుతూనే ఉంది గాని లేవలేదు. మంచినీళ్లకు లేచిన మా మరదలు పొగ వాసన పట్టి తలుపు తోసింది గనుక అమ్మ మనకు దక్కింది. ఆ రాత్రి మరదలికి దాహం వేయకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జలదరిస్తుంది.

పొగ వాసన నిద్రపోయేవారిని లేపుతుందనే నమ్మకం లేదు. మంట తాకకముందే పొగలోని విషవాయువు స్పృహ తప్పిస్తుంది. 2025 మే 18న హైదరాబాదులోని గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇల్లు అంటుకొని 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. ఎక్కువమందిని బలిగొన్నది మంట కాదు, పొగ. అందుకే మనం నిద్రపోతున్నా తాను నిద్రపోని కావలివాడు ఇంటికి అవసరం.

ఇక వాదన సంగతి. తీగతో నడిచే అలారం ఇంటి కరెంటుతోనే పనిచేస్తుంది. బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందో అన్న దిగులు తక్కువ. గదికొకటి పెట్టి వాటి మధ్య మరో తీగ లాగితే, ఒకటి మోగినప్పుడు అన్నీ మోగుతాయి. అయితే మన దగ్గర కరెంటు పోవడం మామూలే గనుక లోపల అదనపు బ్యాటరీ ఉన్నదే కొనాలి. పని తెలిసిన వైర్‌మ్యాన్ చేతనే బిగించాలి. స్లాబు వేయకముందైతే చువ్వల మధ్య ఒక పైపు పరిస్తే సరిపోతుంది. వేసిన తరువాత గోడలు చెక్కవలసిందే.

తీగ లేనివి ఒకదానితో ఒకటి రేడియో ద్వారా మాట్లాడుకుంటాయి. ఇందుకు ఇంటర్నెట్ అక్కరలేదు. గోడ పగలగొట్టే పని లేదు. నాపరాయి పలకలు పరచిన పాత కప్పులకు ఇవే మేలు. అక్కడ రంధ్రం వేస్తే పలక చీలే భయం ఉంది. ఈ అలారాన్ని దూలానికి ఒక మరతో బిగించవచ్చు. కాని మన పాత రాతి గోడలు మందంగా ఉంటాయి, వాటిని దాటేసరికి రేడియో సంకేతం బలహీనపడవచ్చు. కాబట్టి కొన్నప్పుడే ఒక గదిలో బటన్ నొక్కి, మిగతా గదుల్లో మోగుతున్నదో లేదో చూసుకోవాలి. అన్నీ ఒకే కంపెనీవి, ఒకదానితో ఒకటి కలిసేవి తీసుకోవాలి. విడివిడిగా మోగే రకం కూడా అమ్ముతారు, చూసి కొనండి.

మా ఇంట్లో వాదన తీర్చింది అమ్మ చెవులే. ఆమె గదిలో మోగితే ఆమెకు వినపడదు. తమ్ముడి గదిలో మోగాలి. కొత్త గదులకు మాత్రమే తీగ లాగితే వెనక గది ఒంటరిదవుతుంది. అందుకని ప్రస్తుతానికి ఇల్లంతా తీగ లేనివే పెట్టి, రేపటి కోసం కొత్త స్లాబులో ఖాళీ పైపు వేయించాము. హైదరాబాదులో ఉద్యోగం చేసే మేనల్లుడు, వైర్‌మ్యాన్ ఇద్దరూ సంతోషించారు.

ఏది కొన్నా ఈ సంగతులు గుర్తుంచుకోండి. లోలోపల రాజుకునే నిప్పును కాంతితో పొగను పట్టే రకం త్వరగా కనిపెడుతుంది; అంగట్లో ఫొటోఎలక్ట్రిక్ అని అడగండి. పడక గదిలోను, గది బయట నడవాలోను కప్పుకు పెట్టాలి. పొయ్యికి కనీసం 10 అడుగులు, ఫ్యాను రెక్కకు 3 అడుగులు దూరం ఉండాలి. వంటగదిలో పెడితే పోపు వేసినప్పుడల్లా మోగుతుంది, విసిగి మీరే ఊడదీస్తారు. అక్కడికి వేడిని కనిపెట్టే రకం వేరే ఉంది. గ్యాసు లీకును పొగ అలారం పట్టలేదని కూడా మరువకండి.

నెలకొకసారి బటన్ నొక్కి చూడండి. మా ఇంట్లో నెల మొదటి ఆదివారం ఆరాధన నుండి రాగానే ఆ పని పిల్లలది. తాండూరు బండల దుమ్ము, సాలెగూళ్లు చేరకుండా మెత్తని బ్రష్షుతో తుడవండి. అప్పుడప్పుడు కీచుమంటే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం. ఊడదీసి గూట్లో పెట్టక, కొత్తది వేయండి. బ్యాటరీ మార్చలేని రకమైతే అలారమే మార్చాలి. ఏ రకమైనా 10 ఏళ్లకు పూర్తిగా మార్చవలసిందే.

చివరిగా ఒక మాట. కావలివాడు కేక వేస్తాడు గాని తలుపు తీయడు. మనం రాత్రి ఇనుప గ్రిల్లుకు తాళం వేసి తాళపుచెవి ఎక్కడో పెడతాము. పొగలో, చీకటిలో దాన్ని ఎవరు వెదుకుతారు? తలుపు పక్కనే మేకుకు తగిలించండి. అయితే బయటి చెయ్యి అందకూడదు. ముసలివారిని ఎవరు లేపాలో, పిల్లలను ఎవరు ఎత్తుకోవాలో, బయట ఏ చెట్టు కింద కలుసుకోవాలో ముందే అనుకోండి. బయటపడ్డాక 101కి గాని 112కి గాని ఫోను చేయండి. వస్తువుల కోసం లోపలికి తిరిగి వెళ్లవద్దు.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక పని చేయండి. అలారం రేపు కొనవచ్చు. తాళపుచెవి మాత్రం ఈ రోజే మేకుకు తగిలించండి.