పాతాళంలో గంగ లేదు

నీళ్లు పడకపోతే ఇంకో వంద అడుగులు దించాలి. హైదరాబాద్ పాతబస్తీలో ఇల్లు కట్టుకునేవాడి నుంచి బోరు బండి ఏజెంటు దాకా, అపార్టుమెంటు సంఘం కార్యదర్శి నుంచి గల్లీ లీడరు దాకా అందరిదీ ఇదే మాట. మూడు వందల్లో పడలేదా, ఆరు వందలకు పో. అక్కడా లేదా, వెయ్యికి పో. అడుగున ఎక్కడో పెద్ద పాయ పారుతోందనీ, మన గొట్టం అందాకా దిగకపోవడమే లోపమనీ నమ్మకం. ఆ నమ్మకం తప్పు. తప్పని తేల్చిన పరిశోధన ఏ పరాయి దేశంలోనో జరగలేదు. చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ దాటాక శ్రీశైలం రోడ్డు వైపున ఉన్న మహేశ్వరంలోనే జరిగింది.

హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్సు భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం కలిసి 1999లో ఒక భూగర్భజల పరిశోధన కేంద్రం పెట్టాయి. అధ్యయనానికి ఎంచుకున్నది మహేశ్వరం పరీవాహక ప్రాంతం. 53 చదరపు కిలోమీటర్లు, ఏడు వందలకు పైగా బోర్లు. ఏ లోతులో ఏ పగులు నీళ్లిస్తోందో బోర్లలోకి పరికరాలు దించి కొలిచారు. నీళ్లిచ్చే పగుళ్లు దాదాపు అన్నీ పై 35, 40 మీటర్లలోనే దొరికాయి. మన లెక్కలో చెప్పాలంటే ఇంచుమించు 130 అడుగులు. ఆ కింద అక్కడక్కడ ఒక చీలిక తగిలితే తగలొచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకుని లక్షలు పోయడం లాటరీ టికెట్టు కొనడమే.

ఎందుకలా? మన కాళ్ల కిందిది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. పైనుంచి దిగే నీరు యుగాల తరబడి అందులోని బయోటైట్ అనే నల్ల అభ్రకాన్ని మారుస్తూ వచ్చింది. మారిన అభ్రకం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు రాయి అడ్డంగా చీలుతుంది. అందుకే పైన మొరం, దాని కింద చీలికల పొర, ఆ కింద గట్టి బండ. పగుళ్లు పుట్టించింది పైనుంచి వచ్చిన నీరే కాబట్టి, దిగేకొద్దీ అవి పలచబడతాయి. మొరం మందం గల్లీకి ఒక తీరుగా ఉండొచ్చు గాని తలాబ్‌కట్టాలోనైనా కిషన్‌బాగ్‌లోనైనా ఈ వరస మారదు.

శాస్త్రవేత్తల మాట పక్కన పెట్టి, నడుస్తున్న బోరు బండి దగ్గర నిలబడి చూడండి. ముందు ఎర్రమట్టి, తర్వాత గోధుమరంగు రాతిపొడి. పగులు తగిలితే ఆ పొడి బురదై చిమ్ముతుంది. అది దాటాక తెల్లదుమ్ము మొదలవుతుంది. కంప్రెసర్ రొదలో తెల్లవార్లూ అదే దుమ్ము, గల్లీలోని స్కూటర్ల మీద, ఆరేసిన బట్టల మీద, ఇంటాయన కనురెప్పల మీద. నీళ్లు లేవని అంత స్పష్టంగా చెప్పేది ఇంకేముంటుంది? అయినా పక్కన నిలబడ్డ బావమరిది "ఔర్ సౌ ఫీట్ డాలో" అంటాడు. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది కాబట్టి బండివాడు ఎందుకు కాదంటాడు?

"మా పక్కింట్లో తొమ్మిది వందలకు పడ్డాయి" అనే సాక్ష్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చాలాసార్లు ఆ నీళ్లు పై పగుళ్లలోంచి జారి రంధ్రంలో చేరినవే. ఆరున్నర అంగుళాల బోరు వెయ్యి అడుగులు దిగితే అందులో పట్టేవి సుమారు 6,500 లీటర్లు. మోటారు వేసిన కొత్తలో ధార బ్రహ్మాండంగా వస్తుంది, కాసేపటికి గాలి కొడుతుంది, గంటలు ఆగితే మళ్లీ కొంత ఊరుతుంది. లక్షలు పోసి కొన్నది నిలువు సంపు. చౌటుప్పల్ దగ్గరి ఎన్‌జీఆర్‌ఐ ప్రయోగ క్షేత్రంలో ఇంకో సంగతి బయటపడింది. నీటిమట్టం చీలికల పొర అడుగుకు పడిపోయాక ఆ పొర ముక్కలు ముక్కలుగా విడిపోతుంది, ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ సంబంధం ఉండదు. కాబట్టి ఎండాకాలంలో పక్కింటి బోరు మీ బోరుకు సాక్ష్యం చెప్పలేదు.

ఇక కొట్టిపారేయలేని వాదన ఒకటుంది. పాతబస్తీలో పైనీళ్లు మోరీ కలిసి పాడయ్యాయి, అందుకే లోతుకు పోతున్నాం అంటారు. పైనీళ్లు చెడ్డాయన్నది నిజమే. కానీ కింద వేరే మంచినీళ్లు దాచిపెట్టి లేవు. అదే నీరు అవే పగుళ్ల గుండా దిగుతుంది. పైగా గ్రానైటులో ఎక్కువ కాలం నిలిచిన నీటికి ఫ్లోరైడ్ ఎక్కే అవకాశం ఎక్కువ. మహేశ్వరంలోనే చాలా బోర్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటింది. మోరీ కంపు ముక్కుకు తెలుస్తుంది, ఫ్లోరైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

అసలు ఈ రాతికి నీళ్లు దాచుకునే గుణమే తక్కువ. మహేశ్వరం లెక్క ప్రకారం వంద ఘనమీటర్ల రాతిలోంచి పిండగలిగేది ఒకటిన్నర ఘనమీటర్ల లోపే. ఈ నేలను పాలించినవాళ్లు నీటిని పైనే నిలబెట్టుకోవడానికి కారణం ఇదే. 1908 వరద తర్వాత విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే మూసీ పరీవాహకంలో 788 చెరువులు తేలాయి. పాతబస్తీకి ముందు మీర్ ఆలం చెరువు, తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నీళ్లిచ్చాయి. మన తరం చెరువుల మీద ప్లాట్లు వేసి, బండకు తూట్లు పొడుస్తోంది.

జనాన్ని మాత్రం నిందించలేం. నల్లా రోజు విడిచి రోజు వస్తే, వచ్చినప్పుడూ ధార సన్నగా ఉంటే ఎవరైనా బోరు బండినే పిలుస్తారు. 2021 జనవరి నుంచి నెలకు 20,000 లీటర్లు ఉచితమన్నారు, సంతోషం. మూడో అంతస్తుకు ఎక్కే ఒత్తిడి కూడా ఇస్తే సగం బోర్ల అవసరమే ఉండదు. బోరుకు ముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం ఉంది. రాత్రికి రాత్రి గల్లీలోకి దూరే బండ్లను చూస్తే ఆ చట్టం గుర్తున్నవాళ్లు తక్కువేనని తెలుస్తుంది.

ఎండిన బోరును మూసేయకుండా ఇంకుడు గుంతగా మారుస్తామంటున్నారు కొందరు. డాబా మీది వాననీళ్లయితే సరే, తొలి జల్లు వదిలేసి, కంకర వడపోత పెట్టుకుంటే. వీధి నీళ్లు, మోరీ నీళ్లు దించితే ఉన్న కాసినీ చెడతాయి.

బోరు బండి బిల్లులో ఎన్ని అడుగులు, అడుగుకు ఎంత, ఎన్ని కేసింగ్ పైపులు అన్నవే ఉంటాయి. ఎన్నో అడుగు దగ్గర పొడి బురదయిందో, ఎక్కడ తెల్లదుమ్ము మొదలైందో కూడా అందులో రాయించుకోండి. గల్లీకి పది బిల్లుల మీద ఆ రెండంకెలు ఉంటే, పదకొండో ఇంటివాడు బండిని ఎక్కడ ఆపాలో బండివాణ్ని అడగనక్కర్లేదు.